మెయిన్ సెయిల్ దించే ముందు బిమినీ మడవాలా, అలాగే ఉంచాలా?

క్రీక్ పడవ, అనాపొలిస్

అందరికీ నమస్కారం. మాది 30 అడుగుల సెయిల్‌బోట్. పాతదే, నిరుడు కొన్నాం. చుక్కాని పట్టినవాళ్లు కూర్చునే కాక్‌పిట్ మీద డాడ్జర్, బిమినీ రెండూ ఉన్నాయి. కొత్తవాళ్ల కోసం చెబుతున్నా. డాడ్జర్ అంటే క్యాబిన్ మెట్ల దగ్గర గాలినీ తుంపరనూ ఆపే కాన్వాస్ తెర. బిమినీ అంటే చుక్కాని పట్టినవాళ్ల తల మీద ఉక్కు గొట్టాలపై నిలబడే పందిరి. మెయిన్ సెయిల్ (పెద్ద తెరచాప) అడుగు అంచును పట్టి ఉంచే అడ్డుకర్ర, అంటే బూమ్, మా పడవలో ఆ పందిరికి జానెడు ఎత్తున మాత్రమే ఉంటుంది.

రెండు వారాల కింద శనివారం పడమట నల్లమబ్బు లేచింది. అమెరికా తూర్పు తీరంలోని మా చెసపీక్ బేలో వేసవి సంగతి ఇక్కడివాళ్లకు తెలుసు. పొద్దున ఆకు కూడా కదలదు, మధ్యాహ్నం దాటాక ఉరుములతో గాలి మీద పడుతుంది. ఇంజన్ వేసి, పడవ ముక్కు గాలికి ఎదురుగా తిప్పి, మా ఆవిడకు చుక్కాని ఇచ్చి నేను క్యాబిన్ పైకెక్కాను. సెయిల్‌ను ఎత్తి ఉంచే తాడు (హాలియార్డ్) వదలగానే సెయిల్ ముందు సగం బూమ్ మీద పడింది. వెనక సగం బిమినీ మీద పడి, నున్నటి కాన్వాస్ మీద జారి ఎడమ పక్కకు వేలాడింది. పందిరి కింద నుంచి తనకు నేనూ కనబడలేదు, మాస్ట్ (తెరచాప స్తంభం) కొస మీద గాలి దిక్కు చూపే బాణమూ కనబడలేదు. ముక్కు కాస్త పక్కకు తిరిగేసరికి వేలాడుతున్న సెయిల్లోకి మళ్లీ గాలి దూరింది. సెయిల్‌ను బిగువుగా ఉంచే సన్నని పట్టీ (బ్యాటెన్) కొస బిమినీలోని ప్లాస్టిక్ కిటికీకి గుచ్చుకుని అరచెయ్యి పొడుగున చీల్చేసింది.

అప్పటినుంచి నా మాట ఒకటే: సెయిల్ దించే ముందు బిమినీ మడిచి వెనక్కి కట్టేయాలి. మా మరీనాలో సగం మంది కాదంటున్నారు. మీరేమంటారు?

టాంపా గాలి

క్రీక్ పడవ గారూ, చీలింది కిటికీ అయినా తప్పు బిమినీది కాదు. మీ బూమ్ కొస దిగిపోయి ఉంది. హాలియార్డ్ వదిలే ముందు టాపింగ్ లిఫ్ట్, అంటే బూమ్ వెనక కొసను మాస్ట్ పైనుంచి మోసే తాడు, లాగారా? సెయిల్ ఎత్తి ఉన్నంతసేపూ బూమ్‌ను మోసేది సెయిలే. అది దిగడం మొదలవగానే ఆ బరువంతా టాపింగ్ లిఫ్ట్ మీదకు వస్తుంది. అది వదులుగా ఉంటే బూమ్ తిన్నగా మీ పందిరి మీదే కూర్చుంటుంది.

చాలామంది చేసే పొరపాటు ఇంకోటుంది. మెయిన్ షీట్ (బూమ్‌ను పక్కకు పోకుండా పట్టే తాడు) బిగించి ఉంచి టాపింగ్ లిఫ్ట్ ఎంత లాగినా బూమ్ లేవదు. ముందు షీట్, బూమ్‌ను కిందికి లాగి పట్టే వ్యాంగ్ రెండూ వదలాలి, తర్వాత బూమ్ కొస పైకి లాగాలి, అప్పుడు షీట్ బిగించి బూమ్ ఊగకుండా మధ్యలో నిలపాలి. హాలియార్డ్ జోలికి ఆ తర్వాతే వెళ్లాలి. నేను ఇక్కడ ఫ్లోరిడా ఎండలో బిమినీ తీయకుండానే దించుతాను. జులైలో ఆ నీడ లేకపోతే గంటలో కళ్లు తిరుగుతాయి. వడదెబ్బ తగిలినవాళ్ల చేతిలో చుక్కాని ఉండటం చిరిగిన కిటికీ కంటే ప్రమాదం.

లేజర్ సికిందరాబాద్

నేను సెయిలింగ్ నేర్చుకున్నది హుస్సేన్ సాగర్‌లో, లేజర్ అనే ఒంటిమనిషి చిన్న పడవ మీద. దానికి హాలియార్డే ఉండదు. సెయిల్‌ను గొట్టంలా మాస్ట్‌కు తొడగడమే, పని అయ్యాక మాస్ట్‌తో సహా పీకేయడమే. అందుకే పెద్ద పడవకు మారినప్పుడు నన్ను అన్నిటికంటే భయపెట్టింది ఈ పందిరే. తల ఎత్తితే సెయిల్ కనబడాలి, అది నాకు చిన్నప్పటి అలవాటు.

టాంపా అన్నా, టాపింగ్ లిఫ్ట్ మాట నూటికి నూరు పాళ్లు నిజం. కానీ సెయిల్ దిగాక దాన్ని మడతలు పెట్టి కట్టేదెవరు? ముందు భాగం క్యాబిన్ పైనుంచి అందుతుంది. వెనక మూడో వంతు పందిరి నడినెత్తిన ఉంటుంది, కాక్‌పిట్‌లో నిలబడి చెయ్యి చాపితే కాన్వాసే తగులుతుంది. అప్పుడు మనిషి పక్క గట్టు మీద ఒంటికాలిమీద నిలబడి, బిమినీ గొట్టం పట్టుకుని వంగుతాడు. ఆ గొట్టం కాన్వాస్‌ను మోయడానికి పెట్టింది, ఊగే పడవలో మనిషి బరువు ఆపడానికి కాదు. నా కళ్ల ముందే ఒకాయన చేతిలో దాని బిగింపు ఊడి వచ్చింది. పడింది కాక్‌పిట్‌లోకి కాబట్టి సరిపోయింది, బయటికి పడుంటే ఏమయ్యేదో. నేను మడవమనే చెబుతాను. గాలి 25 నాట్లు (గంటకు సుమారు 46 కిలోమీటర్లు) దాటితే ఎలాగూ ఆ పందిరే ఇంకో తెరచాప అయి కూర్చుంటుంది.

గూటి పడవ మనవడు

మా తాతగారిది గోదావరి కాలువ మీద గూటి పడవ. గూడు పడవకు శాశ్వతం, తెరచాప దాన్ని తప్పించుకుని దిగాల్సిందే. అందుకే నాకూ అనిపిస్తుంది, పందిరిని కాదు, సెయిల్ దిగే దారిని మార్చాలి.

లేజీ జాక్స్ వేయించుకోండి. మాస్ట్ నుంచి బూమ్‌కు రెండు పక్కలా దిగే సన్నని తాళ్లు దిగిన సెయిల్‌ను ఒడిలో పట్టుకున్నట్టు ఆపుతాయి. వాటికి జిప్పున్న సంచి కూడా కలిపి కుట్టిస్తే మడతల గొడవ చాలావరకు పోతుంది. దీనికీ ఇబ్బందులున్నాయి, దాచను. సెయిల్ ఎత్తేటప్పుడు బ్యాటెన్ కొసలు ఆ తాళ్లలో ఇరుక్కుంటాయి. ముక్కు కచ్చితంగా గాలికి ఎదురుగా ఉంటేనే సాఫీగా వెళ్తాయి, లేదా ఎత్తే ముందు తాళ్లను మాస్ట్ దగ్గరకు లాగి పెట్టుకోవాలి. సంచి జిప్ వెనక కొస కూడా పందిరి మీదే ఉంటుంది కాబట్టి దానికి బారెడు తాడు కట్టుకోవాలి. మాస్ట్ లోపలికే చుట్టుకునే సెయిల్ అయితే ఈ బాధే లేదు గానీ, అది సగంలో ఇరుక్కుంటే ముందుకీ వెనక్కీ పోదు. దాని జోలికి నేను వెళ్లను.

చక్రం దగ్గర మనిషి

ఈ చర్చ పెట్టింది మా ఆయనే. ఆ రోజు చుక్కాని నా చేతిలోనే ఉంది, అందుకే రాస్తున్నాను.

మీరందరూ క్యాబిన్ పైనున్న మనిషి గురించి, సెయిల్ గురించి మాట్లాడుతున్నారు. కింద ఉన్నదాన్ని నాకు వినబడింది ఇంజన్ చప్పుడు, సెయిల్ కొట్టుకునే చప్పుడు, ఆయన అరుపు మాత్రమే. ఏమంటున్నారో తెలియలేదు. డాడ్జర్ కిటికీ ఉప్పుతో మసకబారి ఉంది, దానిలోంచి ఆయన మోకాళ్లు మాత్రం కనబడ్డాయి. ఆ మోకాళ్లు ఒక్కసారిగా కనబడకుండా పోయినప్పుడు నా గుండె ఆగినంత పనైంది. నిజానికి ఆయన బూమ్ పట్టుకుని కూర్చున్నారు, అంతే.

నాకు నీడ కావాలి. ఎండకు నా చర్మం కమిలిపోతుంది, బిమినీ లేకుండా నేను రోజంతా రాను. కానీ ఆయన పైకెక్కే ప్రతిసారీ నాకు మనిషి కనబడాలి. పావుగంట ఎండను ఓర్చుకుంటాను, మనిషి కనబడని ఆ రెండు నిమిషాలను ఓర్చుకోలేను. అదీకాక మబ్బు కనబడ్డాక కూడా మనం ఇరవై నిమిషాలు సెయిల్ మీదే నడిపాం. ఆ మాట మీ పోస్టులో లేదండీ.

క్రీక్ పడవ, అనాపొలిస్

ఆ ఇరవై నిమిషాలు నిజమే, రాయాల్సింది.

నిన్న సాయంత్రం రేవులోనే, గాలి లేనప్పుడు, టాంపా గారి వరసలో చేసి చూశాం. షీట్, వ్యాంగ్ వదిలి లాగితే బూమ్ కొస మరో మూరెడు లేచింది. సెయిల్ చాలావరకు బూమ్ మీదే నిలిచింది, వెనక కొస మాత్రం ఇంకా పందిరి మీదకు జారింది. అది మూడోవంతు గెలుపు అనుకోండి. అప్పుడు మా ఆవిడ చక్రం దగ్గర కూర్చుంది, నేను మాస్ట్ దగ్గర నిలబడ్డాను. బిమినీ ఉంటే ఆమెకు నా నడుము దాకా కనబడుతోంది. మడిస్తే చేతులు కూడా కనబడుతున్నాయి. పిడికిలి చూపిస్తే ఆపమని, చెయ్యి ఊపితే ముక్కు అటు తిప్పమని గుర్తులు పెట్టుకున్నాం.

కాబట్టి మాకు మడవడమే. వెనక పట్టీలు రెండు ఊడదీసి వెనక్కి వాల్చడానికి ఇద్దరికీ కలిపి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. మడతలు అందంగా పెట్టడం రేవులో చూసుకుంటాం. నీళ్ల మీద రెండు కట్లు వేసి ఊరుకుంటాం.

లేజీ జాక్స్ గురించి గూటి పడవ గారిని ఒకటి అడగాలి. మాస్ట్‌ను వెనక నుంచి పట్టే తీగ (బ్యాక్‌స్టే) కోసం మా బిమినీ వెనక అంచులో చీలిక కుట్టి ఉంది. సంచి జిప్ తాడు దానిలోంచి కాక్‌పిట్‌లోకి దించితే ఇరుక్కుంటుందా?

గూటి పడవ మనవడు

చీలికలోంచి వద్దండీ, కుట్టు దగ్గర ఒరుసుకుని కాన్వాస్ తినేస్తుంది. పందిరి అంచు పక్కనుంచి దించండి. ఎలాగూ కిటికీ కొత్తది వేయిస్తారు కదా, అప్పుడే పందిరి కుట్లన్నీ ఒకసారి ఎండకు తట్టుకునే టెనారా దారంతో మళ్లీ వేయించండి. ఎండకు బట్ట కంటే ముందు పోయేది దారమే.