కొత్త పెర్ఫార్మెన్స్ కార్ల బరువు: ట్రాక్ మీద మీకేం తేలింది?

మూడోగేర్:
రెండు వారాల తేడాలో రెండు కార్లు ట్రాక్ మీద నడిపాను. ఒకటి స్నేహితుడిది, రెండు టన్నులు దాటిన ప్లగిన్ హైబ్రిడ్ సెడాన్, అంటే ఇంజిన్‌తో పాటు ఛార్జింగ్ పెట్టే బ్యాటరీ, మోటార్ కూడా ఉన్నది. పేరు చెప్పను, అభిమానులు మీద పడతారు. రెండోది టయోటా జీఆర్ యారిస్. మూడే సిలిండర్లు, 1.6 లీటర్లు, 261 హార్స్‌పవర్, బరువు 1,280 కిలోల దగ్గర.

తిన్నని దారిలో సెడాన్ తొక్కితే వీపు సీటుకి అంటుకుపోయింది, కాదనను. కానీ నాలుగో ల్యాప్‌కి బ్రేక్ పెడల్ మెత్తబడింది. ముందు టైర్ల అంచులు ఒక్క పూటలో అరిగిపోయాయి. యారిస్‌లో మాత్రం పెట్రోల్ అయిపోయేదాకా దిగబుద్ధి కాలేదు.

ఇది ఆ ఒక్క కారు సంగతి కాదు. బీఎండబ్ల్యూ ఎం5 చూడండి. ఈ39 అనే పాత తరం రోజుల్లో 4.9 లీటర్ల వీ8, 400 హార్స్‌పవర్, బరువు 1,800 కిలోల లోపే. ఇప్పటి జీ90లో 727 హార్స్‌పవర్ ఉంది, బరువేమో 2,400 దాటింది. పెంచిన పవర్లో సగం ఆ పెరిగిన బరువు మోయడానికే పోతోందని నా గోల. మీకేమనిపించింది?

బ్రేక్‌వాసన:
అన్నా, పెడల్ మెత్తబడితే ముందు అనుమానించాల్సింది బ్రేక్ ఆయిల్‌ని. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. అది గాల్లో తేమ పీల్చుకుంటూ పోతుంది. తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు. మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు, కాలి కింద స్పాంజి.

బరువు విషయంలో మీ మాట నిజమే. ఒకే వేగం నుంచి ఆపేటప్పుడు బరువు రెట్టింపైతే డిస్కులు మింగాల్సిన వేడీ రెట్టింపే. వేగం రెట్టింపైతే నాలుగింతలు. పెద్ద కాలిపర్లు (ప్యాడ్లని డిస్కుకి నొక్కే పట్టకార్లు) వేసి కంపెనీలు నెట్టుకొస్తాయి. కానీ చల్లారే గాలి కావాలి కదా? నేను ప్రతి మూడు గట్టి ల్యాప్‌లకీ ఒకటి నెమ్మదిగా తిప్పుతాను. పిట్‌లోకి, అంటే ట్రాక్ పక్కన కార్లు ఆపే చోటికి, వచ్చాక హ్యాండ్‌బ్రేక్ వేయను. ఇదొక్కటి పాటించినా ప్యాడ్లు ఎక్కువ కాలం వస్తాయి.

ఎలక్ట్రాన్‌బాబాయ్:
బరువంటే చాలు నన్ను తిట్టినట్టే ఉంటుంది. నాది హ్యుందాయ్ అయానిక్ 5 ఎన్, 2.2 టన్నులు. కానీ దాని బ్రేకింగ్‌లో పెద్ద వాటా మోటార్లదే, ఒక్క రీజెన్‌తోనే (మోటార్లే కారుని ఆపుతూ కరెంట్ పుట్టించడం) 0.6 జీ దాకా, అంటే భూమ్యాకర్షణలో 0.6 వంతు. ఆ మేరకు వేడి డిస్కుల్లోకి పోకుండా బ్యాటరీలోకి పోతుంది. కాబట్టి మీ లెక్క అన్ని బరువైన కార్లకీ పనిచేయదు.

దీని దొంగ గేర్ల సంగతి కూడా చెప్పేస్తా, అంటే నిజంగా లేని గేర్లని శబ్దంతో, కుదుపుతో నటించడం. మొదట నేనూ నవ్వాను. ఎలక్ట్రిక్ కారుకి గేర్లేంటి, రెడ్‌లైన్ (ఇంజిన్ తిరగగల హద్దు) దగ్గర తల కొట్టుకోవడమేంటి అని. తీరా చూస్తే మలుపుకి ముందు మీటర్ చూడక్కర్లేదు, ఎంత వేగంలో ఉన్నానో చెవే చెబుతోంది. ఆ దొంగ గేర్లు ఆపేసి నడిపితే మలుపులోకి ఎప్పుడూ కాస్త ఎక్కువ వేగంతోనే దూరుతున్నాను. టైర్ల ఖర్చు మాత్రం అడక్కండి.

పిట్‌వాల్:
రేసింగ్ వైపు నుంచి ఒక తమాషా. ఎగ్జాస్ట్ వేడితో కరెంట్ పుట్టించే ఎంజీయూ-హెచ్‌ని ఫార్ములా వన్ 2014లో తెచ్చింది. ఖర్చెక్కువ, తలనొప్పెక్కువ. కొత్తగా వచ్చే కంపెనీలు దాన్ని చూసే జంకాయి. 2026 నిబంధనల్లో తీసేశారు. సరిగ్గా వాళ్లు వదిలించుకునే వేళకి రోడ్డు కార్లు అందుకున్నాయి! 2024 పోర్షే 911 కరేరా జీటీఎస్‌లో టర్బోకి (ఎగ్జాస్ట్‌తో తిరిగి ఇంజిన్‌లోకి గాలి నెట్టే పంకా) ఒక మోటార్ ఉంది. అది టర్బోని తిప్పుతుంది, ఎగ్జాస్ట్ ఎక్కువైతే తిరిగి 11 కిలోవాట్ల దాకా కరెంట్ ఇస్తుంది. మూడేళ్లు వరసగా, 2015 నుంచి 2017 దాకా, లె మాన్స్ 24 గంటల రేసు గెలిచిన పోర్షే రేస్ కారు 919 హైబ్రిడ్ కూడా ఎగ్జాస్ట్ నుంచి కరెంట్ లాగిందే.

మూడోగేర్ గారూ, మీకు నచ్చే సంగతొకటి: ఆ జీటీఎస్ హైబ్రిడ్ అయ్యాక పెరిగిన బరువు 50 కిలోలు మాత్రమే. అంటే తలుచుకుంటే కుదురుతుంది. ఫార్ములా వన్ కూడా కనీస బరువుని 800 నుంచి 768 కిలోలకి దించింది, అదీ ఎలక్ట్రిక్ మోటార్ని 120 నుంచి 350 కిలోవాట్లకి పెంచుతూ.

ఏపెక్స్‌రాణి:
అందరూ పెద్ద కార్లేనా? నాది మాజ్డా ఎంఎక్స్-5. 184 హార్స్‌పవర్, 1,100 కిలోల దరిదాపు, గేర్ కర్ర. మలుపులోకి బ్రేక్ మీద కాలు కొద్దికొద్దిగా తీస్తూ దూరడం నేర్చుకోవడానికి నాకు ఏడాది పట్టింది. ఈ కారు ఒరుగుతుంది, ఎక్కడ తప్పు చేశానో నడుముకి తెలుస్తుంది. ఒకసారి స్నేహితురాలి 600 హార్స్‌పవర్ కారులో అదే తప్పు చేస్తే ఎలక్ట్రానిక్స్ సర్దేశాయి. బతికిపోయాను, ఏమీ నేర్చుకోలేదు.

బాబాయ్, దొంగ గేర్లని మాత్రం నేను ఒప్పుకోను, ఏమనుకోకండి.

ఎలక్ట్రాన్‌బాబాయ్:
ఒకసారి కళ్లు మూసుకుని విను తల్లీ. ప్యాసింజర్ సీట్లో.

మూడోగేర్:
స్నేహితుణ్ని అడిగాను. బ్రేక్ ఆయిల్ మార్చి మూడేళ్లయిందట! పెడల్ మెత్తబడిన నేరం కారు మీద నుంచి తీసేస్తున్నా, బ్రేక్‌వాసన తమ్ముడికి థాంక్స్. టైర్ల కేసు మాత్రం వదలను. వచ్చే నెల కొత్త ఆయిల్ పోసుకుని మళ్లీ వెళ్తున్నాం, ల్యాప్ ల్యాప్‌కీ టైర్ల వేడి రాసుకొచ్చి ఇక్కడే పెడతాను.