లిఫ్టులున్న మోర్జిన్‌కా, షటిల్ వ్యాన్‌ల ఫినాలేకా? సహజమైన ట్రైల్స్ కావాలంటే ఎటు పోవాలి

ఎర్రమట్టి
జర్మనీలో ఉంటున్న తెలుగు రైడర్లం నలుగురం కలిసి ఒక వారం సెలవు పెట్టి మౌంటెన్ బైకింగ్‌కి పోదామనుకుంటున్నాం. అందరివీ 150–160 మి.మీ. ట్రావెల్ (సస్పెన్షన్ నొక్కుకునే దూరం) ఉన్న ఎండ్యూరో బైకులే, అంటే ఎక్కడానికీ దిగడానికీ పనికొచ్చేవి. అప్‌లిఫ్ట్, అంటే బైకుతో సహా మనల్ని పైకి చేర్చే లిఫ్టో వ్యానో, తప్పనిసరిగా ఉండాలి. దిగే దారి మాత్రం ఎక్స్‌కవేటర్‌తో తీర్చిన బర్మ్‌లూ (గట్టు కట్టిన వంపులు) టేబుల్‌టాప్‌లూ (పైన చదునైన జంప్‌లు) కాకుండా రాయి, వేరు, మట్టి ఉన్న కొండదారి అయి ఉండాలి. ఇద్దరు ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ సరిహద్దులోని పోర్ట్ డు సొలెయ్ అంటున్నారు, అంటే మోర్జిన్, లే జే, షాటెల్ వైపు. మిగతా ఇద్దరిదీ ఇటలీ తీరంలోని ఫినాలే లిగురే పట్టు. తేదీ ఇంకా ఖాయం కాలేదు. తెలిసినవాళ్లు మీ మాట చెప్పండి.

రోటర్_203
తేదీ తేలకుండా ఊరు తేలదు. పోర్ట్ డు సొలెయ్‌లో లిఫ్టులు బైకులకి తిరిగేది దాదాపు జూన్ మధ్య నుంచి సెప్టెంబరు మొదటి సగం దాకానే. అన్ని ఊళ్లూ ఒకే రోజు మూయరు కాబట్టి సెప్టెంబరులో పోయేవాళ్లు ఏ లిఫ్టు ఎప్పటిదాకా ఉందో ముందే చూసుకోవాలి. ఫినాలే సంగతి సరిగ్గా తలకిందులు. జులై, ఆగస్టుల్లో కొండ కింది సగం ఎండకి మాడిపోతుంది, సముద్రానికొచ్చే జనంతో రూములు దొరకవు. అక్కడ మార్చి నుంచి జూన్ మొదటి వారాల దాకా, మళ్లీ సెప్టెంబరు చివరి నుంచి నవంబరు దాకా బాగుంటుంది. కాకపోతే అక్టోబరు, నవంబరుల్లో ఫినాలే ఉన్న లిగురియా ప్రాంతంలో వాన పడితే గట్టిగా పడుతుంది. ఆగస్టు సెలవులైతే మోర్జిన్, అక్టోబరైతే ఫినాలే. మీకు ఎటూ తేలనిది జూన్, సెప్టెంబరుల్లోనే.

కొండవాలు
జూన్ అనుకునే మాట్లాడుకుందాం. మోర్జిన్ ఊరు 1000 మీటర్ల ఎత్తున ఉంది, పైన ప్లెనీ 1500 మీటర్లు. గొండోలా పది నిమిషాల్లోపే పైకి చేరుస్తుంది. రోజుకి పది సార్లు దిగితే 5000 మీటర్లు. ఫినాలేలో వ్యాన్ ఎక్కి కొండ మీది పాత నాటో సైనిక స్థావరం దాకా పోవడానికే ముప్పావు గంట పట్టొచ్చు, రోజుకి నాలుగైతే గొప్ప. వారమంతా లెక్కేస్తే తేడా ఎంతో మీరే చూడండి.

ఇక సహజమైన దారులు అక్కడ లేవనడం సరికాదు. స్విస్ వైపు షాంపెరీ డౌన్‌హిల్ ట్రాక్ నిలువు దిగుడు, అంతా వేర్లే. 2011 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో బ్రిటన్ డౌన్‌హిల్ రైడర్ డానీ హార్ట్ వానలో గెలిచింది అక్కడే. మోర్జిన్‌లోనూ ప్లెనీ అడవిలో గుర్తు పలకలున్న దారులు వదిలి పక్కకి పోతే చేత్తో తవ్విన నిటారు దారులున్నాయి. పాస్ ఒక్కటే, రెండు దేశాల లిఫ్టులూ ఎక్కొచ్చు.

నల్లరేగడి
కొండవాలు గారూ, మీటర్ల లెక్క సరిపోయింది కానీ ఎర్రమట్టి అడిగింది మీటర్లు కాదు కదా. దారి సహజంగా ఉంటుందా పోతుందా అన్నది దాని మీద రోజుకెన్ని చక్రాలు తిరుగుతాయన్న దాన్ని బట్టే ఉంటుంది. గొండోలా గంటకి వందల మందిని ఒకే చోట దింపుతుంది. అందరూ ఒకే వంపు ముందు బ్రేక్ నొక్కుతారు. అక్కడ మట్టి అలలు అలలుగా లేచి బ్రేకింగ్ బంప్స్ అవుతాయి, పైపొర కొట్టుకుపోయి వేళ్లు బయటపడతాయి, ఆ వేళ్లని తప్పించుకోడానికి జనం పక్కనుంచి తొక్కి దారిని మూడింతలు వెడల్పు చేస్తారు. చివరికి రిసార్టు వాళ్లు యంత్రం దింపి కంకర పోసి సాపు చేయక తప్పదు. ఇందులో ఎవరి తప్పూ లేదు, లిఫ్టు మోసే జనాన్ని తట్టుకోవాలంటే దారి అలా మారాల్సిందే.

వ్యాన్‌కి ఎనిమిది మంది, వెనక ట్రైలర్‌లో ఎనిమిది బైకులు. ఫినాలేలో ఆ కొద్దిమంది కూడా వేరువేరు కొండ వెన్నుల మీదికి చీలిపోతారు. నాటో స్థావరం దగ్గర ఎత్తు దాదాపు 1000 మీటర్లు. పైన మెలోన్యో వైపు బీచ్ అనే జాతి చెట్ల (సముద్రపు బీచ్ కాదు) అడవి, ఆకు కుళ్లిన నల్లటి మెత్తటి మట్టి, టైరు దిగబడి పట్టు దొరుకుతుంది. కిందికొచ్చేకొద్దీ అడవి పలచబడి ముళ్ల పొదలు మొదలవుతాయి, మట్టి పొడిబారుతుంది. ఆఖరున తెల్లటి సున్నపురాయి మెట్లు, అంచులు పదునుగా, మధ్యలో గులకరాళ్లు. ఒక్క దిగుడులో మూడు రకాల నేల మారుతుంది, ప్రతిదానికీ బ్రేక్ వేసే తీరు మారాలి. మోర్జిన్‌లో పది దిగుళ్లు వేసినా ఇది దొరకదు.

కొండవాలు
ఫినాలే కూడా అరగని చోటేం కాదండీ. 2013లో ఎండ్యూరో వరల్డ్ సిరీస్ మొదటి సీజన్ ముగిసిందే అక్కడ, తర్వాత కూడా ఏళ్ల తరబడి రేసులు జరిగాయి. పేరున్న ట్రైల్స్‌లో వంపుల దగ్గర గోతులు పడి, రాళ్లు ఊడి ఉంటాయి. ఇంకోటి, షటిల్ దింపిన చోటి నుంచి ట్రైల్ మొదటి దాకా, మధ్య మధ్యలో కూడా, తొక్కాల్సిన ఎక్కుళ్లుంటాయి. అప్‌లిఫ్ట్ ఉంది కదా అని డౌన్‌హిల్ బైకు, 36 పళ్ల చెయిన్‌రింగ్ (పెడల్ దగ్గరి పళ్ల చక్రం) వేసుకుపోతే కాళ్లు పట్టేస్తాయి. ఈ విషయం ముందే చెప్పకపోతే నలుగురిలో ఇద్దరు రెండో రోజుకే అలిగి కూర్చుంటారు.

నల్లరేగడి
ఎక్కుళ్ల మాట ఒప్పుకుంటా. 30 లేదా 32 పళ్ల చెయిన్‌రింగ్, వెనక పెద్ద గేరుకి 50 లేదా 52 పళ్లు, డ్రాపర్ పోస్ట్ (మీట నొక్కి సీటు దించుకునే పోస్ట్) ఉండాల్సిందే. ఫుల్‌ఫేస్ హెల్మెట్ వేసుకుంటే గడ్డం భాగం ఊడదీసే రకం మేలు.

పంక్చర్‌పెట్టె
ఊరి గొడవ మీరు తేల్చుకోండి, టైర్ల గురించి నేను చెప్తా. ఎక్కువ మంది సెలవు పాడయ్యేది ఇక్కడే.

ఫినాలే సున్నపురాయి టైరు పైభాగాన్ని (ట్రెడ్‌ని) కాదు, పక్క గోడని, అంటే సైడ్‌వాల్‌ని కోస్తుంది. ట్రెడ్‌లో పడ్డ చిల్లుకి ప్లగ్ (చిల్లులో దూర్చే రబ్బరు ముక్క) సరిపోతుంది. సైడ్‌వాల్ అర సెంటీమీటరు చీలితే ప్లగ్ నిలవదు, సీలెంట్ (చిల్లులు పూడ్చడానికి టైరులో పోసే ద్రవం) అంతా కారిపోతుంది. అందుకని పలచటి ట్రైల్ కేసింగ్ (టైరు గుడ్డ పొర) వద్దు. మ్యాక్సిస్‌లో డబుల్‌డౌన్, ష్వాల్బేలో సూపర్ గ్రావిటీ స్థాయి కేసింగ్ కనీసం వెనక టైరుకైనా వేయండి. 29 అంగుళాల టైరుకి సీలెంట్ 100 నుంచి 120 మి.లీ., అదీ బయల్దేరే ముందు కొత్తది. పాతది లోపల గడ్డకట్టి రబ్బరు ఉండలయి ఉంటుంది. సామానుతో కలిపి 75–80 కిలోల మనిషికి ముందు 23, వెనక 27 పీఎస్ఐతో మొదలుపెట్టండి. రిమ్ రాయికి తగిలిన చప్పుడు వినిపిస్తే వెనక రెండు పెంచండి. చీలికకి లోపలి నుంచి వేయడానికి పాత టైరు ముక్క, ఒక ట్యూబు, బ్యాగులో ఉండాలి. ట్యూబు వేసేముందు టైరు లోపల వేళ్లతో తడిమి ముళ్లు పీకండి. ట్యూబ్‌లెస్‌లో నెలల తరబడి దిగిన ముళ్లు సీలెంట్ వల్ల తెలియవు, ట్యూబుని మాత్రం నిమిషంలో పొడుస్తాయి.

ఇంకా గేర్ హ్యాంగర్, అంటే వెనక డిరెయిలర్‌ని (గేరు మార్చే భాగాన్ని) ఫ్రేమ్‌కి పట్టి ఉంచే ముక్క. మీ ఫ్రేమ్‌కి యూడీహెచ్ (చాలా కంపెనీల ఫ్రేమ్‌లకి సరిపోయే ఒకే రకం హ్యాంగర్) అయితే చాలా షాపుల్లో దొరుకుతుంది. కాకపోతే మీ మోడల్‌ది రెండు కొనుక్కుని పోండి, అక్కడ దొరుకుతుందన్న ఆశ పెట్టుకోవద్దు.

ట్రైలర్‌లో ఎక్కించేటప్పుడు పక్క బైకు పెడల్ మీ ఫోర్క్ స్టాంచియన్‌కి (ముందు సస్పెన్షన్‌లో జారే నున్నటి గొట్టానికి) రాసుకోకుండా మధ్యలో దుప్పటో ఫోమో పెట్టమనండి. అక్కడ పడిన చిన్న గీత సీల్‌ని కోసి నూనె కారేలా చేస్తుంది. డౌన్‌ట్యూబ్‌కి (ఫ్రేమ్ కింది గొట్టానికి) కూడా ఒక పట్టీ చుట్టండి.

రోటర్_203
బ్రేకుల సంగతి మోర్జిన్ పోయేవాళ్లకే ఎక్కువ అవసరం. రోజుకి 5000 మీటర్లు దిగితే రెసిన్ ప్యాడ్‌లు వారం ఆగవు. సింటర్డ్ మెటల్ ప్యాడ్‌లు వేయండి, కానీ రోటర్ (బ్రేకు డిస్కు) మీద రెసిన్ ప్యాడ్‌లకి మాత్రమే అని రాసి ఉందేమో ముందు చూడండి. అలా ఉంటే మెటల్ ప్యాడ్ దాన్ని తినేస్తుంది. రోటర్ సైజు ముందు 203 మి.మీ., వెనక కనీసం 180. కొత్త ప్యాడ్‌లు వేశాక 20–25 కి.మీ. వేగం నుంచి నడక వేగానికి, చక్రం ఆగిపోకుండా, పదిహేను ఇరవై సార్లు తగ్గించి సెట్ చేసుకోవాలి. ఇది చేయకుండా నేరుగా గొండోలా ఎక్కితే పైపొర గాజులా మారి పట్టు పోతుంది, కీచుమని అరుస్తుంది.

డాట్ అనే రకం బ్రేకు ద్రవం వాడే బ్రేకులైతే ఏడాది దాటిన ద్రవాన్ని మార్పించుకుని వెళ్లండి. అది గాలిలో తేమ పీల్చుకుంటుంది, మరిగే ఉష్ణోగ్రత పడిపోతుంది, పొడుగు దిగుడు మధ్యలో లివర్ హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది. మినరల్ ఆయిల్ బ్రేకులో డాట్ పోయకండి, సీల్స్ ఉబ్బి పాడవుతాయి.

బ్రేకింగ్ బంప్స్‌కి చేతులు తిమ్మిరెక్కుతుంటే ఫోర్క్ రీబౌండ్ (నొక్కుకున్నాక తిరిగి తెరుచుకునే వేగం) రెండు క్లిక్కులు పెంచండి, కంప్రెషన్ (నొక్కుకోవడానికి ఉండే బిగువు) కొంచెం వదలండి. రీబౌండ్ నెమ్మదిగా ఉంటే రెండో బంప్ వచ్చేసరికి ఫోర్క్ ఇంకా తెరుచుకోదు, నాలుగోదానికి పూర్తిగా కూరుకుపోతుంది.

చక్రధారి
మీరు జర్మనీలో ఉంటున్నారు కాబట్టి ఒకటి. ప్రభుత్వ ఆరోగ్య బీమా కార్డు వెనక ఉండే యూరోపియన్ ఆరోగ్య బీమా కార్డు ఫ్రాన్స్‌లో, ఇటలీలో చెల్లుతుంది. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి స్విట్జర్లాండ్‌లో అది చెల్లదు. పోర్ట్ డు సొలెయ్‌లో లిఫ్టు దిగి ఒక వెన్ను దాటితే తెలియకుండానే స్విస్ నేల మీద ఉంటారు. అక్కడ భుజం విరిగి హెలికాప్టర్ వస్తే బిల్లు మీ పేరునే. ప్రయాణ బీమా కొనేటప్పుడు లిఫ్టుతో చేసే డౌన్‌హిల్, కొండ మీది రెస్క్యూ, ఈ రెండూ పేరుపెట్టి ఉన్నాయా చదవండి. మౌంటెన్ బైకింగ్ అని ఉన్నా డౌన్‌హిల్‌ని మినహాయించే పాలసీలు చాలా. డీఏవీ (జర్మన్ పర్వతారోహణ సంఘం) సభ్యత్వంతో రెస్క్యూ బీమా వస్తుంది, అందులోనూ బైక్ పార్క్ గురించి ఏముందో చూసుకోండి. రెసిడెన్స్ పర్మిట్, పాస్‌పోర్టు రెండూ వెంట ఉంచుకోండి.

ఈ-బైకు వాళ్లకి: 160 వాట్ అవర్ దాటిన బ్యాటరీని ప్రయాణికుల విమానంలో ఎక్కించనివ్వరు. ఈ-బైకు బ్యాటరీలన్నీ దాదాపు అంతకు మించినవే. కారులో పోవాలి, లేదా అక్కడే అద్దెకి తీసుకోవాలి.

గోల్కొండరాయి
అన్నలూ, మేం హైదరాబాద్‌లో ఉన్నాం. షెంగెన్ వీసా తిప్పలు లేకుండా ఇలాంటిదే కావాలంటే నేపాల్ ముస్తాంగ్ ఎలా ఉంటుంది? మనవాళ్లు ముక్తినాథ్ దర్శనానికి పోతారు కదా, జీపులున్నాయి.

నల్లరేగడి
తమ్ముడూ, సహజమైన దారి అన్న మాటకి ముస్తాంగ్‌ని మించింది ఈ చర్చలో లేదు. జోమ్‌సోమ్ 2700 మీటర్లు, ముక్తినాథ్ 3700 దాటి. జీపులో పైకి పోయి లుబ్రా ఊరి మీదుగా దిగొచ్చు. అయితే ఆ జీపు అప్‌లిఫ్ట్ కోసం పెట్టింది కాదు, యాత్రికులది. బైకు టాపు మీద కట్టాలి, కింద ఫోమ్ వేసి పాత ట్యూబులతో బిగించండి, డిరెయిలర్ విప్పి లోపలికి మడవండి. రోజుకి ఒక దిగుడు, మహా అయితే రెండు. పొద్దున పదీ పదకొండు దాటితే కాళీగండకి లోయలో గాలి దక్షిణం నుంచి కొడుతుంది, కిందికి దిగుతూ ఎదురుగాలిలో తొక్కాల్సి వస్తుంది. జోమ్‌సోమ్ విమానాలు పొద్దున పూటే నడిచేదీ అందుకే.

నేరుగా పోయి మొదటి రోజే ముక్తినాథ్‌లో పడుకోవద్దు. జోమ్‌సోమ్‌లోనో కాగ్‌బేనిలోనో రెండు రాత్రులుండండి. తలనొప్పి, వాంతి మొదలైతే అదే రోజు కిందికి దిగాలి. అన్నపూర్ణ పరిరక్షణ ప్రాంతం పర్మిట్ కావాలి, సార్క్ దేశాల వారికి రుసుము తక్కువ. కాగ్‌బేని దాటి ఉత్తరానికి పోవాలంటే వేరే అనుమతి. విడి భాగాలు మాత్రం పోఖరా దాటితే లేవనుకునే పోండి.

కొండవాలు
ఇందులో నల్లరేగడి గారితో ఏకీభవిస్తా. కానీ అప్‌లిఫ్ట్ సెలవు కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ముస్తాంగ్ చెప్పను. ఒకే దారిని మళ్లీ మళ్లీ దిగితేనే చెయ్యి తిరుగుతుంది. నా పట్టంతా అదే. లిఫ్టు ఉంటే తప్పిన వంపుకి పావుగంటలో మళ్లీ వస్తారు. వ్యాన్‌లో ఆ వంపు రేపటికి గానీ రాదు.

ఎర్రమట్టి
అందరికీ థ్యాంక్స్. సెలవులు చూస్తే అక్టోబరు రెండో వారం దొరికేలా ఉంది, కాబట్టి ఫినాలే. ఇంకొక్కటే ప్రశ్న. మధ్యలో ఒక రోజు వాన పడితే ఏం చేయాలి?

నల్లరేగడి
వాన ఆగిన పూట కింది సున్నపురాయి ట్రైల్స్ జోలికి పోవద్దు. వందల టైర్లు నునుపు చేసిన తడి రాయి మీద ముందు బ్రేక్ పనికిరాదు. పై అడవిలో నీళ్లు తొందరగా ఇంకుతాయి, అక్కడ సగం దాకా దిగి రోడ్డెక్కండి. అక్టోబరులో రాలిన బీచ్ ఆకుల కింద వేళ్లు కనబడవు, దిగేటప్పుడు వేరుకి అడ్డంగా, చక్రం నేరుగా ఉంచి దాటండి. ఎండ పడితే ఒక్క పూటలో రాయి ఆరిపోతుంది.

రోటర్_203
షటిల్ సీట్లు ఇప్పుడే బుక్ చేయండి, అక్టోబరులో వారాంతాలు ముందే నిండుతాయి. వాన వస్తే రోజు మార్చుకోనిస్తారా అని డబ్బు కట్టేముందు అడగండి. ఇంకోటి, శరదృతువులో ఆ కొండల మీద అడవిపందుల వేట ఉంటుంది. ఏ రోజుల్లో, ఏ కొండ వైపు అన్నది షటిల్ డ్రైవర్‌కి తెలుస్తుంది. ఆ రోజు కనబడే రంగు జెర్సీ వేసుకుని, ఆయన వద్దన్న ట్రైల్ వదిలేయండి.