సమక్షం అంటే ఎంత దగ్గర?

హనుమకొండ అదాలత్ దగ్గర కొత్తగా ప్రాక్టీసు మొదలుపెట్టిన తమ్ముడొకరు అడిగారు: నిందితుడు జైలు నుంచి సాక్షిని వీడియోలో చూస్తే అది చట్టం చెప్పే "సమక్షం" అవుతుందా అని.

సమక్షంలో ఉన్నది అక్షి, అంటే కన్ను. ప్రత్యక్షం, పరోక్షం కూడా దాని నుంచి వచ్చినవే. ఈ మాటకు కావలసింది చూపు, దూరం లెక్క కాదు. కానీ "పెద్దమనుషుల సమక్షంలో ఒప్పుకున్నడు" అంటే అందరూ ఒక్కచోట కూర్చున్నారనే అనుకుంటాం. పేచీ అక్కడే.

సాక్ష్యం నిందితుడి సమక్షంలో తీసుకోవాలని 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 273వ సెక్షన్ చెప్పింది. న్యూయార్క్‌లో ఉన్న డాక్టర్ సాక్ష్యాన్ని వీడియోలో తీసుకోవచ్చా అంటే బొంబాయి హైకోర్టు కుదరదంది. 2003లో సుప్రీంకోర్టు కుదురుతుందని తేల్చింది. చట్టం రాసిననాడు ఆ పరికరం లేకపోయినా, నిందితుడు సాక్షిని చూడగలిగి, వినగలిగి, తన వకీలుతో ప్రశ్నలు వేయించగలిగితే చాలు. నాకు ఇదే సరైన పద్ధతి. ఆ మాటను చట్టంలో ఎవరి రక్షణ కోసం పెట్టారో జడ్జి ముందు అది చూడాలి.

— అట్లయితే ఏ మాటనైనా సాగదీయొచ్చా అన్నా?

లేదు అక్కా. 2017లో ఫ్యామిలీ కోర్టు కేసుల్లో రాజీ ప్రయత్నం జరిగేటప్పుడు వీడియో వద్దని సుప్రీంకోర్టు 2-1తో చెప్పింది. రాజీ కుదరనప్పుడు, ఇద్దరూ ఒప్పుకుంటేనే వీడియో. రాజీకి ఎదురెదురుగా కూర్చోవడం, ఇంటి గుట్టు బయటపడకపోవడం ముఖ్యమని వాళ్ల ఆలోచన. అందులో న్యాయం ఉంది. అయినా, 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం ఈ సాంకేతికత కంటే ముందుది, నిర్ణయం ఆ జడ్జికే వదలాలన్న జస్టిస్ చంద్రచూడ్ భిన్న తీర్పే నాకు నచ్చింది. భూపాలపల్లి నుంచి చంటిపిల్లను ఎత్తుకొని వేరే రాష్ట్రంలో వాయిదాకు పోవాల్సిన ఆమె సంగతి ఎవరు చూడాలి?

— ఇప్పుడు కొత్త చట్టం వచ్చింది కదా సార్?

వచ్చింది. ఆ పాత కోడ్ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 308వ సెక్షన్‌లో ఆడియో-వీడియో సంగతి నేరుగా రాశారు, రాష్ట్ర ప్రభుత్వం నోటిఫై చేసిన చోటు నుంచి అని. ఇక ఆ "చోటు"కు అర్థం చెప్పాలి. వకీలుతో మెల్లగా ఒక మాట చెప్పుకునే వీలు లేని గదిలో స్క్రీన్ ముందు కూర్చోబెడితే, నా లెక్కన అది సమక్షం కాదు.