ఎండాకాలం సెలవుల్లో ఫుట్‌బాల్ కుర్రాళ్లను పరుగెత్తించాలా, వదిలేయాలా?

పెన్నా_పిల్లోడు: మాది నెల్లూరు. తమ్ముడు ఇంటర్, లెఫ్ట్ బ్యాక్ (ఎడమవైపు డిఫెండర్) ఆడతాడు. పరీక్షలైపోయాయి, జూన్ దాకా మ్యాచ్‌లు లేవు. కోచ్ ఏమో రోజూ తెల్లారి మైపాడు ఇసుకలో 10 కిలోమీటర్లు పరుగెత్తమన్నాడు. ఒక సీనియర్ మాత్రం ఈ రెండు నెలలూ బంతి ముట్టొద్దంటున్నాడు. ఎవరి మాట వినాలి?

ఒంగోలు_డిఫెండర్: కోచ్ మాటే. మూడు నాలుగు వారాలు ఊరికే కూర్చుంటే దమ్ము తగ్గిపోద్ది. మేమంతా కొత్తపట్నం ఇసుకలో పరుగెత్తి ఆడినవాళ్లమే. తర్వాత గ్రౌండ్‌లో దిగితే కాళ్లు తేలిపోయేవి.

పాత_వింగర్: దమ్ము సంగతి నిజమే అన్నా. కానీ దానికి మందు ఇది కాదు. మెత్తటి ఇసుకలో పరుగుకు గట్టి నేల మీదకంటే ఒకటిన్నర రెట్లకు పైగా శక్తి ఖర్చవుతుంది. పిక్కల మీద, మడమ వెనక ఉండే స్నాయువు (అకిలిస్ టెండన్) మీద భారం పడుతుంది. పోనీ నీళ్ల పక్కన తడి ఇసుకలో పరుగెత్తుదామంటే అక్కడ నేల వాలు, ఒక కాలు ఎప్పుడూ కిందకే ఉంటుంది.

అసలు లెఫ్ట్ బ్యాక్ మ్యాచ్‌లో ఏం చేస్తాడు? నడుస్తాడు, నింపాదిగా పరుగెడతాడు, ఉన్నట్టుండి గీత వెంబడి ఓ 20 మీటర్లు దూసుకెళ్తాడు, ఆగుతాడు, వెనక్కి తిరుగుతాడు. ఒకే వేగంతో 10 కిలోమీటర్లు పోయినవాడికి ఇందులో ఏదీ అలవాటు కాదు. పెద్ద ఆటగాళ్లు మ్యాచ్‌కి పదికి పైగా తిరుగుతారన్న లెక్క ఎక్కడో విని మనవాళ్లు ఈ పదిని పట్టుకున్నారు!

మొదటి రెండు వారాలు వదిలేయండి. ఈత కొట్టనీ, షటిల్ ఆడనీ. తర్వాత వారానికి రెండు రోజులు స్క్వాట్‌లు, ఒంటికాలి వ్యాయామాలు, నార్డిక్. ఈ నార్డిక్‌కు జిమ్ అక్కర్లేదు. మోకాళ్ల కింద మడతపెట్టిన గోనెసంచి వేసుకుని, వెనక నుంచి ఒకడు చీలమండలు అదిమి పట్టుకుంటే, నడుము వంచకుండా మెల్లగా ముందుకు ఒరగాలి. ఇక ఆపుకోలేననిపించినప్పుడు చేతులు నేలకు ఆనించాలి. మొదటి రోజు అయిదారుసార్లు చాలు, మర్నాడు తొడ వెనక తెలుస్తుంది! తొడ వెనక కండరం పట్టేయడం, చిరగడం దీనివల్ల దాదాపు సగానికి తగ్గుతాయని అధ్యయనాలున్నాయి. మరో రెండు రోజులు పొట్టి స్ప్రింట్‌లు, మధ్యలో బాగా విరామం ఇచ్చి. బంతి మాత్రం రోజూ కాలికి తగలాల్సిందే, గోడకు కొట్టుకున్నా సరే. ముట్టొద్దన్న సీనియర్ మాట నాకు అర్థం కాలేదు.

ఒంగోలు_డిఫెండర్: చెప్పడానికి బాగానే ఉంది. ఇంట్లో ఒక్కడే గోనెసంచి మీద ఎవడు చేస్తాడు? ఫోన్ పట్టుకుని పడుకుంటాడు. బీచ్‌కి పదిమందీ కలిసి పోతే ఒకణ్ని చూసి ఒకడు లేస్తాడు. కోచ్ అసలు ఉద్దేశం అదే అయ్యుంటుంది.

పాత_వింగర్: అది ఒప్పుకుంటా. పదిమందినీ పోనీయండి, దూరం తగ్గించండి.

అల్లూరు_గోలీ: మా వైపు సగంమంది పిల్లలు సెలవుల్లో రొయ్యల గుంటల మీద పనికి పోతారు. పొద్దంతా మేత బస్తాలు మోసినోడికి స్క్వాట్‌లు ఎందుకు సార్? వాడికి రెండు గుడ్లు, కంటినిండా నిద్ర కావాలి. సాయంత్రం కాసేపు బంతి ఆడితే అదే ఎక్కువ.

పాత_వింగర్: నూటికి నూరుపాళ్లు. వాడికి బరువులు వద్దు.

కావలి_పీఈటీ: ఎండ సంగతి ఎవరూ ఎత్తలేదేం? యూట్యూబ్‌లో యూరప్ క్లబ్బుల షెడ్యూల్ చూసి ఇక్కడ పొద్దున పదింటికి సెషన్ పెట్టేవాళ్లున్నారు. అక్కడి వేసవి వేరు, మన రోహిణి కార్తె వేరు. అయిదున్నరకు మొదలుపెట్టి ఏడుకల్లా ముగించండి. ఉప్పేసిన మజ్జిగ వెంట ఉంచుకోండి. పిల్లాడు తూలుతూ పొంతన లేకుండా మాట్లాడితే నీడకు తెచ్చి, ఒళ్లంతా నీళ్లు పోస్తూనే 108కి ఫోన్ చేయండి.

పెన్నా_పిల్లోడు: థాంక్స్ అన్నా అందరికీ. పదిని మూడు చేయమని కోచ్‌ని అడుగుతా. ఏమంటాడో ఏమో, కాస్త టెన్షన్‌గానే ఉంది.

ఒంగోలు_డిఫెండర్: మూడు మరీ తక్కువ తమ్ముడూ. అయిదన్నా ఉంచు.