గుల్మార్గ్ వెళ్తున్నాం: మంచు టెస్ట్‌లో పొర విరగకపోతే ఆ వాలు దిగొచ్చా?

బన్నేరుఘట్ట రోడ్ బ్యాచ్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఫిబ్రవరిలో బెంగళూరు నుంచి నలుగురం గుల్మార్గ్ వెళ్తున్నాం. అందరికీ స్కీయింగ్ వచ్చు. గొండోలా (కేబుల్ కారు) రెండో దశ దిగాక, స్థానిక గైడ్‌తో అఫర్వాత్ కొండ మీద స్కీ పెట్రోల్ (భద్రతా సిబ్బంది) కాపలా హద్దు దాటి బయటి వాలుల్లోకి వెళ్లాలని ఉంది. బీకన్ (మంచులో కూరుకుపోయినవాళ్లను సిగ్నల్‌తో వెతికే పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి చూసే పొడవాటి కడ్డీ), పార అద్దెకు దొరికాయి. కంప్రెషన్ టెస్ట్ (మంచు స్తంభం మీద కొట్టి లోపల బలహీన పొర ఉందేమో చూసే పరీక్ష) వీడియోలు చూసి నేర్చుకుంటున్నాం. టెస్ట్‌లో పొర విరగకపోతే దిగొచ్చా? మంచు పడ్డాక రెండు రోజులు ఎండ కాస్తే చాలా? మంచే లేని మన ఊళ్లో బీకన్ సాధన ఎలా చేయాలి?

కొండగాలి

పొర విరగలేదన్న ఒక్క కారణంతో దిగకండి. ఆ టెస్ట్ మిమ్మల్ని ఆపడానికి పనికొస్తుంది, పంపడానికి కాదు. మంచులో గుంత తవ్వి, దాని గోడలో 30 సెం.మీ. చదరపు స్తంభం కోసి, పైన పార రేకు పెట్టి మణికట్టు నుంచి 10, మోచేతి నుంచి 10, భుజం నుంచి 10 దెబ్బలు కొడతారు. ఎన్నో దెబ్బకు విరిగిందన్నది ఒక్కటే చూడకండి, ఎలా విరిగిందో కూడా చూడండి. సొరుగు లాగినట్టు నున్నగా జారి వచ్చిందంటే చెడ్డ గుర్తు. ఎక్స్‌టెండెడ్ కాలమ్ టెస్ట్ ఇంకా మేలు. అందులో స్తంభం వాలుకు అడ్డంగా 90 సెం.మీ., లోపలికి 30 ఉంటుంది. ఒక చివర కొట్టినప్పుడు పగులు రెండో చివరదాకా పరిగెత్తితే ఆ రోజు అలాంటి నిటారు వాలులన్నీ మానుకోండి. పరిగెత్తకపోతే మీకు తెలిసింది ఆ ఒక్క గుంత సంగతే. గాలి ఒకచోట మంచు ఊడ్చేసి, నాలుగడుగుల అవతల కుప్ప పోస్తుంది. బలహీన పొర మీటరు కన్నా లోతున ఉంటే దెబ్బ అక్కడిదాకా అందదు. మంచు పలచబడిన అంచు మీద స్కీ బరువు పడితే మాత్రం అదే పొర తెగొచ్చు.

అందుకే ముందు వాలు కోణం చూడండి. అవలాంచ్ అంటే వాలు మీది మంచు తెగి కిందికి దూసుకురావడం. పలకలా తెగే స్లాబ్ అవలాంచ్‌లు ఎక్కువగా 30–45 డిగ్రీల మధ్య వాలుల్లో, అందులోనూ 38కి అటూఇటూ మొదలవుతాయి. 30 లోపు వాలు పట్టుకుంటే మంచు గురించి మీ అంచనా తప్పినా ప్రాణం దక్కే అవకాశం ఎక్కువ. అయితే తల పైనా చూసుకోవాలి: మీరున్నది 20 డిగ్రీల మీదే అయినా పైన 38 డిగ్రీల వాలు ఉంటే అది తెగి మీ మీదికే వస్తుంది. ఈ లెక్క ఇక్కడ కూర్చునే వేయొచ్చు. 1:50,000 మ్యాప్‌లో కాంటూర్ గీతల (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతల) ఎత్తు తేడా 40 మీటర్లయితే, రెండు గీతల మధ్య 1.4 మి.మీ. ఉంటే 30 డిగ్రీలు, 1 మి.మీ. ఉంటే దాదాపు 39.

రాళ్లుప్పు

ఎండ సంగతి నేను చెప్తాను. కొత్త మంచు తన బరువుకు తాను సర్దుకోవడానికి ఒకటి రెండు రోజులు చాలొచ్చు. అడుగున పాత బలహీన పొర ఉంటే వారాలు గడిచినా చాలవు, ఉత్తర ముఖం వాలుల్లో మరీను. నేల దగ్గర మంచు సున్నా డిగ్రీలకు దగ్గరగా ఉంటుంది. సీజన్ మొదట్లో 60 సెం.మీ. మంచే ఉండి, మబ్బులేని రాత్రి పైభాగం మైనస్ 15కి పడిపోయిందనుకోండి: ప్రతి 10 సెం.మీ.కు 2.5 డిగ్రీల తేడా. 1 డిగ్రీ దాటితేనే మంచు గింజలు ఒకదాన్నొకటి వదిలేసి కోణాలు తేలిపోతాయి. చేతిలోకి తీసుకుంటే రాళ్ల ఉప్పులా జారిపోతుంది, ఉండ కట్టదు. వెస్టర్న్ డిస్టర్బెన్స్ (పడమటి నుంచి వచ్చే శీతాకాలపు తుపాను గాలి) వచ్చి దాని మీద మీటరు మంచు పోస్తే, ఉప్పు మీద బండ పెట్టినట్టే.

కాళ్ల కింద ‘ధుమ్’మని కుంగిన చప్పుడు, స్కీ ముందు పరిగెత్తే పగుళ్లు, పక్క వాలు మీద తాజాగా తెగిన అవలాంచ్: వీటిలో ఏది కనిపించినా గుంత తవ్వే పనే లేదు, 30 డిగ్రీల లోపుకి వచ్చేయండి. ఒక్క రోజులో 30 సెం.మీ. మంచు పడ్డా, గాలికి మంచు కొట్టుకొచ్చి చేరుతున్నా అంతే. చండీగఢ్‌లోని డీజీఆర్‌ఈ (రక్షణ శాఖ పరిశోధన సంస్థ) అవలాంచ్ హెచ్చరికలు రోజూ చూడండి, కానీ అవి జిల్లా స్థాయివి, మీ వాలు సంగతి చెప్పవు. ఆ అఫర్వాత్ వైపే 2023 ఫిబ్రవరిలో ఇద్దరు పోలండ్ స్కీయర్లు, 2024 ఫిబ్రవరిలో ఒక రష్యన్ స్కీయర్ అవలాంచ్‌లో పోయారు. గైడ్ ఉన్నాడు కదా అని ఈ లెక్కలు ఆయనకే వదిలేయకండి.

గడ్డపార

సాధనకు ఏదైనా పెద్ద గ్రౌండ్ చాలు. కరెంటు తీగలకు, కార్లకు దూరంగా పొద్దున్నే వెళ్లండి. ఒక బీకన్‌ను ‘సెండ్’లో పెట్టి, సంచిలో వేసి ఆకుల కింద దాచండి. వెతికేవాళ్లు ‘సెర్చ్’కి మారి బాణం గుర్తు వెంట వెళ్లాలి. దూరం చూపే అంకె 3 (మీటర్లు) దగ్గరకొచ్చాక వేగం తగ్గించి, బీకన్‌ను నేలకు ఆనించి, తిప్పకుండా ముందుకీ వెనక్కీ, పక్కలకీ జరిపి అతి తక్కువ అంకె పట్టుకోవాలి. అక్కణ్నుంచి 25 సెం.మీ. ఎడంతో చుట్టలా బయటికి ప్రోబ్ గుచ్చాలి, వాలుకు లంబంగా. తగిలాక ప్రోబ్ పీకొద్దు.

అందరూ తేలిగ్గా తీసుకునేది తవ్వకం. సమయమంతా తినేసేది అదే. ప్రోబ్ పక్కనే మొదలుపెట్టకండి. మనిషి కూరుకుపోయిన లోతుకు ఒకటిన్నర రెట్లు కింది వైపు జరిగి అడ్డంగా తవ్వుకుంటూ లోపలికి రండి, మంచును ఎత్తిపోయకుండా వెనక్కి తోసేయండి. పార రేకు ప్లాస్టిక్‌ది వద్దు, గట్టిపడిన మంచులో విరుగుతుంది. మొదటి పది పదిహేను నిమిషాల్లో బయటికి తీసినవాళ్లలో పదికి తొమ్మిదిమంది బతుకుతారు. అరగంట దాటితే మూడింట ఒక వంతే. నలుగురూ వంతులవారీగా బీకన్ దాచిపెట్టి, ఐదు నిమిషాల్లోపు ప్రోబ్ తగిలేదాకా చేయండి.

బన్నేరుఘట్ట రోడ్ బ్యాచ్

చాలా థాంక్స్ అండి. మ్యాప్ లెక్క ఇవాళే మొదలుపెడతాం. ఒక్కటి: ఫోన్, యాక్షన్ కెమెరా బీకన్‌కు అడ్డొస్తాయా?

గడ్డపార

వస్తాయండి. ‘సెండ్’లో ఉన్నప్పుడు కనీసం 20 సెం.మీ., వెతికేటప్పుడు 50 సెం.మీ. దూరం ఉంచండి, ఆపేస్తే ఇంకా మంచిది. అద్దె బీకన్ తీసుకోగానే బ్యాటరీ మూత తెరిచి చూడండి. కంపెనీ వేరేగా చెప్తే తప్ప కొత్త ఆల్కలైన్ బ్యాటరీలే వేయండి. రీఛార్జబుల్ వేస్తే మిగిలిన శాతం తప్పు చూపిస్తుంది.