పాఖాల దారిలో దొరికిన నత్తకు పేరు ఎలా తేల్చాలి?

ప్రశ్న:
నమస్కారం. నేను హనుమకొండలో తొమ్మిదో తరగతికి జీవశాస్త్రం చెబుతాను. తొలకరి వానల తర్వాత నర్సంపేట నుంచి పాఖాల చెరువుకు వెళ్లే దారిలో, టేకాకులు కుళ్లుతున్న చోట మూడు ఖాళీ నత్తగుల్లలు దొరికాయి. మూడూ కాస్త బల్లపరుపుగా, లేత రంగులో ఉన్నాయి. రెండింటికి ముదురు చార ఉంది, మూడోదానికి లేదు. ఫోన్ యాప్ ఒకసారి క్రిప్టోజోనా అంటుంది, ఇంకోసారి మాక్రోక్లామిస్ అంటుంది. చార లేనిది వేరే జాతి అనుకోవచ్చా?

మొదటి జవాబు:
చారను బట్టి జాతిని విడదీయకండి, ఒకే జాతిలో చార ఉన్నవీ లేనివీ పుడతాయి. మీరు చెప్పిన రెండు ప్రజాతులూ (ప్రజాతి అంటే దగ్గరి జాతుల గుంపు) ఏరియోఫాంటిడే అనే నత్తల కుటుంబానివే కాబట్టి యాప్ తడబడటంలో వింత లేదు. గుల్ల మొనను పైకి, నోటిని మీ వైపు పెట్టి చూడండి: నోరు కుడివైపుంటే కుడిచుట్టు, ఎడమవైపుంటే ఎడమచుట్టు. ఆ తర్వాత చుట్లు లెక్కపెట్టి, అడుగున నడిమధ్య ఉండే బొడ్డు గుంట ఎంత తెరుచుకుందో రాసుకోండి. అయినా ఈ కుటుంబంలో గుల్లలు ఒకదాన్ని ఒకటి ఎంతగా పోలి ఉంటాయంటే, ఎదిగిన నత్తను కోసి జననాంగాల నిర్మాణం చూస్తే తప్ప చాలా జాతులు తేలవు. పిల్ల నత్తల్లో ఆ భాగాలు ఎదిగి ఉండవు కనుక వాటిని కోసినా ఫలితం ఉండదు.

రెండో జవాబు:
పేరు రాసే పద్ధతి కూడా పిల్లలకు చెప్పండి. మన తోటలను పాడుచేస్తున్న ఆఫ్రికా పెద్ద నత్తను 1822లో బౌడిచ్ అనే ప్రకృతి పరిశోధకుడు అకటినా ఫులికా అన్నాడు. ఇప్పుడది లిస్సకటినా ప్రజాతిలోకి మారింది కాబట్టి లిస్సకటినా ఫులికా (బౌడిచ్, 1822) అని రాస్తాం. ఆ కుండలీకరణాలు ప్రజాతి మారిందని చెప్పే గుర్తు. లాటిన్ వ్యాకరణం ప్రకారం ప్రజాతి పేరు లింగాన్ని బట్టి జాతి పేరు చివర కూడా మారుతుంది: హట్టన్ అనే మరో పరిశోధకుడు 1834లో బులిమస్ గ్రాసిలిస్ అన్న చిన్న నత్త నేడు అల్లోపియాస్ గ్రాసిలె అయింది.

ఈసారి బతికిన నత్త దొరికితే చేతికి తొడుగు వేసుకోండి, ఎందుకంటే కొన్ని నత్తల్లో మెదడుపొరల వాపు తెచ్చే ఎలుక ఊపిరితిత్తుల పురుగు ఉంటుంది. డీఎన్ఏ పరీక్షకు పంపదలిస్తే 95 శాతం ఇథనాల్‌లో ఉంచండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. మూడూ కుడిచుట్టువే. చార లేనిదాన్ని భూతద్దంతో చూశాను: పై పొర రాలిపోయి, సున్నం ముక్కలా తెల్లబడి, వేలికి పొడి అంటుకుంది. మొనకు దగ్గర, మట్టి అంటి ఎండ తగలని చోట, గోధుమరంగు చార తునక ఇంకా మిగిలి ఉంది. పెట్టె మీద జాతి పేరు రాయలేదు. "ఏరియోఫాంటిడే, జాతి తేలాలి, పాఖాల దారి, టేకాకుల కింద" అని రాసి, తేదీ వేశాను.