సొంత చేను కందులకు మూత బిగించిన డ్రమ్ములో లక్కపురుగు! ఎక్కడి నుంచి వచ్చింది?

అరెకరం ఆసామి
సాయంత్రం ఆరింటి నుంచి కందులు జల్లెడ పడుతూనే ఉన్నాను. ఇప్పుడు రాత్రి పదిన్నర. ముక్కులో, జుట్టులో, చొక్కా జేబులో కూడా కంది దుమ్మే. డ్రమ్ము కొత్తది. మూతకు రబ్బరు వాషరు ఉంది, బిగిస్తే చీమ కూడా దూరదు. వేపాకు కూడా వేశాను. అయినా ఈ రోజు మూత తీసేసరికి డ్రమ్ము గోడల వెంట లక్కపురుగులు బిలబిలమని పాకుతున్నాయి. గాలి దూరని చోట పురుగు ఎలా దూరిందో ఎవరైనా చెప్పండి. డ్రమ్ము అమ్మినవాడిని నిలదీయాలా? దయచేసి "ఎండబెట్టారా" అని మాత్రం అడగకండి, ఎండబెట్టాను. పారేయడానికి మనసు ఒప్పడం లేదు. నేనే కోసి, నేనే కొట్టి, నేనే తూర్పారబట్టిన గింజలు ఇవి.

ముక్కుసూటి
ఎన్ని రోజులు ఎండబెట్టారు? డ్రమ్ము నిండా ఉన్నాయా? పచ్చి వేపాకా, ఎండుదా?

అరెకరం ఆసామి
నలభై కిలోల దాకా పోశానండీ. ఎండబెట్టాను అని పైన రాశాను కదా. వేపాకు చెట్టు నుంచి అప్పుడే కోసిన తాజాది.

మిద్దెతోట మాలతి
అయ్యో, తాజా వేపాకా! వేప గురించి మనవాళ్లకు సగమే తెలుసు. ఆకును నీడలో, గాలి ఆడేచోట గలగలమనేదాకా ఆరబెట్టాలి. ఎండలో పెడితే ఘాటు పోతుంది, పచ్చిగా వేస్తే ఆకులోని తడి అంతా గింజకు పడుతుంది. మీరు డ్రమ్ములో మందు వేయలేదు, నీళ్లు పోశారు. మా మిద్దె మీద ఇరవై కుండీల్లో పండిన పెసలు, అలసందలు నేను ఇలాగే దాస్తాను. అడుగున ఒక వరుస ఎండు వేపాకు, పైన గింజ, మళ్లీ వేపాకు. వేపగింజల కషాయం సంగతి కూడా చెబుతాను, అది మొక్కల మీద పేనుబంకకు...

ముక్కుసూటి
ఆయన అడిగింది డ్రమ్ము గురించి. పేనుబంక తరువాత చూద్దాం.

మిద్దెతోట మాలతి
చెబితే తప్పేమిటండీ? నలుగురికీ పనికొస్తుంది.

నాపరాళ్ల నేల
మాది తాండూరు దగ్గర. కంది అంటే మా నేలదే, మా కందిపప్పుకు 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మా నాయనమ్మ డ్రమ్ములు, కవర్లు ఎరుగదు. కందులకు ఎర్రమట్టి కట్టేది. మెత్తగా జల్లించిన ఎర్రమట్టిని నీళ్లలో పల్చగా కలిపి, కందులు అందులో పొర్లించి, రెండు మూడు రోజులు ఎండలో పోసేది. గింజ మీద మట్టి పొర అంటుకుంటే పురుగు గుడ్డు పెట్టలేదు. విసిరేటప్పుడు పొట్టుతో పాటు మట్టీ పోయేది. ఆ తరువాత గుమ్మిలో పోసి, పైన పేడతో అలికేవాళ్లు. ఏడాది పొడుగునా పప్పు కొనే పని ఉండేది కాదు.

గోదావరి గట్టు
గుమ్మి అంటే గాదేనా?

నాపరాళ్ల నేల
కాదండీ, గుమ్మి వెదురుతో అల్లుతారు, నిలువుగా మనిషెత్తు ఉంటుంది. మీ వైపు గాదె అనేది గదిలాంటిదేమో.

గోదావరి గట్టు
మా వైపూ వెదురు గాదెలున్నాయి. వడ్లకైతే గడ్డితాడు చుట్టి పురి కట్టేవారు.

సీమ గాలి
మా దగ్గర జొన్నలకు పాతర. నేలలో గొయ్యి తీసి, గడ్డి పరిచి, గింజ పోసి, పైన మట్టి కప్పేవాళ్లు. పాతర తెరిచాక కాసేపు ఆగకుండా మనిషిని దింపేవాళ్లు కాదు. లోపల ఊపిరాడదు. అందుకే పురుగూ బతకదు. ఆసామిగారి డ్రమ్ము కూడా ఒక పాతరే అనుకోవాలి. మరి పురుగు ఎలా బతికిందన్నదే ప్రశ్న.

అరెకరం ఆసామి
హమ్మయ్య, నా ప్రశ్న అర్థమైన మనిషి ఒకరు దొరికారు! అదేనండీ నేనూ అడుగుతున్నది.

వంటింటి పెద్దక్క
తమ్ముడూ, ఇంత చర్చ ఎందుకు? బోరిక్ పౌడరు కిలోకు చిటికెడు కలిపెయ్యి. మా ఇంట్లో బియ్యానికి, పప్పుకు ముప్పై ఏళ్లుగా అదే. ఒక్క పురుగు కనబడితే చెప్పు.

ఇద్దరు పిల్లల అమ్మ
అక్కా, క్షమించండి. బోరిక్ పౌడరు తినే గింజలో కలిపేది కాదు. క్యారమ్ బోర్డు మీద చల్లుకోండి, బొద్దింకలకు పెట్టుకోండి, అంతే. కడిగితే పోతుందని అందరూ అంటారు కానీ ఎంత పోయిందో చూసినవారెవరు?

వంటింటి పెద్దక్క
ముప్పై ఏళ్లుగా తిన్నవాళ్లం బాగానే ఉన్నాము తల్లీ.

ఊరి కుర్రవాడు
పురుగు మందుల దుకాణంలో గోదాములకు వాడే మాత్రలు దొరుకుతాయి. గుడ్డలో కట్టి ఒకటి డ్రమ్ములో పడేస్తే మూడు రోజుల్లో సాఫీ.

పాత విస్తరణాధికారి
ఆ మాట వెనక్కి తీసుకోండి బాబూ. అది అల్యూమినియం ఫాస్ఫైడ్. గాలిలోని తేమ తగిలితే చాలు, ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తుంది. మూత కొంచెం వదులుగా ఉన్నా అదే గదిలో పడుకున్నవాళ్లు తెల్లవారి లేవరు. శిక్షణ పొందినవాళ్లు గోదాములలో, మనుషులను దూరంగా ఉంచి వాడేది అది. ఇంట్లో వద్దు, పశువుల పాకలో కూడా వద్దు. ఈ ఒక్క విషయంలో చర్చ లేదు.

ఇక ఆసామిగారూ, మీ దగ్గర ఉన్నది లక్కపురుగు కాదని నా అనుమానం. లక్కపురుగు రవ్వలో, పిండిలో, నూకలో ఉంటుంది, నిండు కందిని అది తొలవలేదు. ఒక గింజను ఫోను దీపం కింద పట్టుకుని చూసి చెప్పండి.

గోదావరి గట్టు
మేము ముక్కపురుగు అంటాము.

నాపరాళ్ల నేల
ముక్కపురుగు బియ్యానిది, దానికి తొండంలాంటి ముక్కు ఉంటుంది. కందులది పుచ్చుపురుగు.

గోదావరి గట్టు
పుచ్చు అంటే వంకాయ పుచ్చు, పన్ను పుచ్చు. పురుగు పేరు ఎలా అవుతుంది?

నాపరాళ్ల నేల
గింజను పుచ్చేలా చేస్తుంది కాబట్టి పుచ్చుపురుగు. మా ఊళ్లో పసిపిల్లవాడు కూడా ఇదే పేరు చెబుతాడు.

సీమ గాలి
పెంకుపురుగు అంటే ఇద్దరికీ గొడవ ఉండదు.

గోదావరి గట్టు
పెంకుపురుగులు వంద రకాలు.

అరెకరం ఆసామి
మీరు పేరు తేల్చుకునేలోపు నా కందులన్నీ అవి తినేసేలా ఉన్నాయి. దీపం కింద చూశాను. పురుగు కంది గింజలో సగం ఉంటుంది. ముదురు గోధుమ రంగు, వీపు మీద మచ్చలు, వెనుక భాగం రెక్కల కింది నుంచి కొంచెం బయటికి కనిపిస్తోంది. ముక్కు లేదు. చాలా గింజల మీద తెల్లటి చుక్కలున్నాయి, ఆవగింజ కంటే చిన్నవి, గోటితో గీకితే పొలుసులా లేచాయి. కొన్ని గింజలకు గుండుసూదితో పొడిచినట్లు కాదు, దబ్బనంతో పొడిచినట్లు గుండ్రటి కన్నం. ఇంకొన్నింటికి కన్నం లేదు గానీ అదే కొలతలో గుండ్రంగా పల్చటి పొర కనిపిస్తోంది, వెనక నల్లగా ఏదో కదిలినట్లుంది. చూస్తుండగానే ఒకటి ఆ పొరను మూతలా తోసుకుని బయటికి వచ్చింది! ఇప్పుడు నాకు ఒళ్లంతా జలదరిస్తోంది.

పాత విస్తరణాధికారి
పుచ్చుపురుగే. తెల్ల చుక్కలు గుడ్లు. గుడ్డులోంచి వచ్చిన పిల్లపురుగు నేరుగా గింజలోకి తొలుచుకుని పోతుంది. లోపలే తిని, లోపలే పెరిగి, రెక్కలొచ్చాక గుండ్రటి మూత తోసుకుని వస్తుంది. మన ఎండలకు దీనికంతటికీ నెల రోజులు చాలు. బయటికి వచ్చిన పురుగు గింజ తినదు, జతకట్టి గుడ్లు పెట్టడమే దాని పని. కాబట్టి మీ డ్రమ్ములోకి ఏదీ దూరలేదు. కాయ చెట్టు మీద ముదిరేటప్పుడే చేనులో గుడ్డు పెట్టి ఉంటుంది. పురుగును మీరే కందులతో పాటు లోపల పోసి మూత బిగించారు. డ్రమ్ము అమ్మినవాడిని వదిలేయండి.

ఎప్పుడు పోశారు?

అరెకరం ఆసామి
సంక్రాంతి తరువాత కోశాము. జనవరి చివరి వారంలో పోశాను. ఇప్పుడు ఏప్రిల్ మధ్య.

పాత విస్తరణాధికారి
అంటే రెండు తరాలు అయిపోయాయి, మూడోది వస్తోంది. మొదట పది గింజల్లో ఉన్నది ఇప్పుడు వేల గింజల్లో ఉంటుంది. కానీ సీమవారు అడిగినది సరైన ప్రశ్న. నిజంగా మూత అలాగే ఉంచితే లోపలి ప్రాణవాయువును పురుగులే వాడేసి, అవే చావాలి. ఆఫ్రికాలో అలసందల పుచ్చుకు పుట్టిన మూడు పొరల సంచులు పనిచేసేది ఈ కిటుకుతోనే, మన పటాన్‌చెరు ఇక్రిశాట్ పంటల పరిశోధన సంస్థలో కందుల మీద కూడా పరీక్షించారు. మీ దగ్గర ఎందుకు పనిచేయలేదు? డ్రమ్ము నిండా ఉందా అని మొదటి జవాబులోనే ఒకాయన అడిగారు, మీరు చెప్పలేదు.

అరెకరం ఆసామి
డ్రమ్ము వంద కిలోలది. నలభై కిలోలు పోశాను. ఆదివారం ఆదివారం తీసి రెండు కిలోలు అత్తగారింటికి పంపుతాను. ఆ, ఇంకొకటి. అడుగున పోయినేడాది కందులు నాలుగు కిలోలు మిగిలి ఉండగా వాటి మీదే పోశాను. అవి బాగానే ఉన్నాయి, అక్కడక్కడ ఒకటి రెండు కన్నాలు తప్ప.

ముక్కుసూటి
కొత్త డ్రమ్ము అన్నారు.

అరెకరం ఆసామి
పోయినేడాది కొన్నాను. కొత్తదే కదా.

సీమ గాలి
పాతర మీద పాతర, వారం వారం మూత తీయడం! ఆసామిగారూ, మీరు పురుగులకు అన్నం పెట్టి, వారానికొకసారి గాలి కూడా విసిరారు.

పాత విస్తరణాధికారి
నవ్వకండి, చాలామంది చేసేది ఇదే. డ్రమ్ము పెద్దది, గింజ తక్కువ, పైన బోలెడు గాలి. అది తరిగేలోపు ఆదివారం వస్తుంది. నలభై కిలోలను అంచుదాకా నిండే చిన్న డబ్బాలలో పోసి, ఒక డబ్బా అయ్యాకే ఇంకొకటి తెరిస్తే ఇంత దూరం రాదు.

ఇప్పుడు చేయవలసినది చెబుతాను. ముందు జల్లించి, నీళ్లలో పోసి చూడండి, తొలిచిన గింజ తేలుతుంది. తేలినవి కోళ్లకు. మునిగినవాటిని ఆలస్యం చేయకుండా ఎండబెట్టండి. మేడ మీద నల్ల పట్టా పరిచి, గింజను వేలి మందంలో పల్చగా పోసి, పైన ఎండ లోపలికి దిగే పారదర్శకమైన ప్లాస్టిక్ కవరు కప్పి, అంచుల మీద ఇటుకలు పెట్టండి. తడి ఉన్నంతసేపు కవరు వద్దు, ఆరిన మర్నాడు కప్పండి. లోపల 57 డిగ్రీల వేడి గంటసేపు నిలిస్తే గింజలోపల ఉన్న పురుగు, గుడ్డు కూడా చస్తాయి. ఏప్రిల్ ఎండకు పదకొండు నుంచి మూడు దాకా ఉంచితే ఢోకా లేదు. రెండు రోజులు చేయండి. తరువాత చల్లారనివ్వండి. వేడివేడిగా డబ్బాలో పోస్తే లోపల చెమ్మ పడుతుంది, బూజుకు పిలుపు.

ఎండిందో లేదో చూడటానికి గింజ కొరకండి. టక్కున విరగాలి. పంటికి నొక్కుకుపోతే ఇంకా ఎండాలి.

వంటింటి పెద్దక్క
ఇంత కష్టం ఎందుకు, దోరగా వేయించి విసిరేస్తే సరి. పప్పు అయితే ఆ పురుగుకు అంతగా పట్టదు. పాతకాలంలో ఆముదం రాసి ఎండబెట్టి విసిరేవాళ్లం.

పాత విస్తరణాధికారి
పెద్దక్క మాట నిజం. పుచ్చుపురుగుకు నిండు గింజే ఇష్టం. తిండికి ఉంచుకునేది పప్పు చేసుకోవడమే మేలు. పై ఏడాది విత్తనానికి ఉంచుకునే కందులకు మాత్రం కిలోకు ఒక చెంచా వేపనూనె గానీ ఆముదం గానీ పట్టించండి. లేదంటే డబ్బా నింపాక పైన మూడు వేళ్ల మందం పొడి ఇసుక పోయండి. పురుగు జతకట్టడానికి పైకి రావాలి, ఇసుక దాటి రాలేదు.

మిద్దెతోట మాలతి
చూశారా, చివరికి వేప దగ్గరికే వచ్చారు.

డాలస్ తోట
మేము ఇండియా నుంచి తెచ్చుకున్న కందులను వారం రోజులు ఫ్రీజరులో పెడతాము. సున్నాకు పద్దెనిమిది డిగ్రీలు కింద. ఒక్క పురుగు రాదు.

ముక్కుసూటి
ఆసామిగారి కందులన్నీ ఏ ఫ్రీజరులో పడతాయి?

డాలస్ తోట
మాకు గ్యారేజీలో పెద్దది ఉంది.

గోదావరి గట్టు
పెంకుపురుగు, పుచ్చుపురుగు అన్నీ ఒకటేనని మా అన్నయ్య అంటున్నాడు, ఆయన వ్యవసాయ డిప్లొమా చదివాడు.

నాపరాళ్ల నేల
మీ అన్నయ్యను ఒకసారి మా ఊరికి పంపించండి.

(నాలుగు రోజుల తరువాత)

అరెకరం ఆసామి
ఆరు కిలోలు తేలాయి, కోళ్లకు వేశాము. ఇసుక కోసం తిరిగితే అందరూ ఇల్లు కడుతున్నారా అని అడిగారు. మా అత్తగారు వచ్చి మిగిలినవన్నీ మరకు పంపించేశారు, విత్తనానికి ఒక డబ్బా తప్ప. ధన్యవాదాలు అందరికీ.

ముక్కుసూటి
మొదట్లో ఎన్ని రోజులు ఎండబెట్టారో ఇప్పటికీ చెప్పలేదు.

అరెకరం ఆసామి
ఒక మధ్యాహ్నం.

కొత్త సభ్యురాలు
నమస్కారం అండీ. మా పెరటి చింతపండు నల్లబడిపోతోంది. ఉప్పు కూడా కలిపాను. కారణం ఏమిటో ఎవరైనా చెప్పగలరా?